ఫ్రిజ్ మీద అంటించిన కాగితం

నెల్లూరు జిల్లా కోవూరు దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినావిడ తన పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఏడు పేజీలూ వేయలేను కాబట్టి విషయం క్లుప్తంగా చెప్తాను.

ఆవిడ వయసు నలభై మూడు. పాటూరు మగ్గాల దగ్గర చీరలు తెచ్చి, ఫొటోలు తీసి, వాట్సాప్‌లో పెట్టి అమ్ముతారు. భర్త విడవలూరు వైపు నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నారు. అబ్బాయి నెల్లూరులో బీటెక్ రెండో ఏడు, కంప్యూటర్ సైన్స్. అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. ఆవిడ సొంతంగా కట్టుకుంటున్న చీటీ పోయిన నెల పాడుకుంటే అరవై వేలు చేతికొచ్చాయి. గొడవ అక్కడ మొదలైంది.

ఆవిడ ఫోన్‌కి నాలుగేళ్లు. కస్టమర్ అవతల ఎదురుచూస్తుండగానే చీర ఫొటో పోకుండా హ్యాంగ్ అవుతోంది. అమ్మాయికి పాఠాలు చూసుకోడానికి ట్యాబ్ కావాలి. అబ్బాయికి చేత్తో పట్టుకుని ఆడే గేమింగ్ మెషీన్ కావాలి, స్టీమ్ డెక్ అంటారు. స్నేహితుడి అన్న అమెరికా నుంచి తెచ్చుకుని మూడేళ్లు వాడినది, 38 వేలకి ఇస్తానన్నాడట. బిల్లు లేదు. అబ్బాయి ఒక కాగితం మీద గళ్లు గీసి, ఫోన్, ట్యాబ్, స్టీమ్ డెక్ మూడింటికీ ర్యామ్, స్టోరేజ్, బ్యాటరీ, స్క్రీన్ లెక్కలన్నీ రాసి ఫ్రిజ్‌కి అంటించాడు. "చూడుమా, 16 జీబీ ర్యామ్ దానికొక్కదానికే ఉంది. ఇది బొమ్మ కాదు, కంప్యూటర్. దీంట్లో నేను గేములు తయారు చేస్తా" అంటాడు. తండ్రి అదే కాగితం చూసి, "ఫోన్ స్క్రీన్ 120 హెర్ట్జ్, దీనిది 60. బ్యాటరీ చూస్తే రెండూ ఒకటే. ఆటబొమ్మకి ఇంత డబ్బెందుకు?" అన్నారు. హెర్ట్జ్ అంటే తెర మీద బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క. మూడు వారాలుగా తండ్రీ కొడుకులు కలిసి అన్నం తినడం లేదు. ఏ మాటైనా తల్లి చేతే చెప్పిస్తున్నారు.

చివరి పేజీలో ఇంకో సంగతి. ఆవిడ భర్తకు చెప్పకుండా ఐదు వేలు అడ్వాన్స్ కింద అబ్బాయికి ఇచ్చేశారు. "వాడు అంకెలతో నన్ను మాయ చేస్తున్నాడా? ముగ్గురికీ పనికొచ్చే వస్తువు ఒకటేమైనా ఉందా? ఆయనకి ఎట్టా చెప్పేది?" అని అడిగారు.

అమ్మా,

మీ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు. మీవారు తప్పు చదవనూ లేదు. ఆ కాగితం మీద అంకెలు నిజమైనవే. అయితే కిలోలనీ మూరలనీ ఒకే వరసలో రాసి ఏది ఎక్కువ అని చూస్తే ఎట్టా ఉంటుందో ఆ కాగితం అట్టా ఉంది. అందుకే ఒకే కాగితంతో ఇద్దరూ రెండు వాదనలు గెలిచేశారు.

మీవారు పట్టుకున్న బ్యాటరీ గడి చూడండి. ఫోన్‌కి 5,000 ఎంఏహెచ్, డెక్‌కి 5,300 చిల్లర. చూడ్డానికి సమానం. కానీ ఎంఏహెచ్ ఒక్కటే చూస్తే బ్యాటరీలో ఎంత శక్తి ఉందో తెలీదు, దాన్ని వోల్టేజీతో గుణించాలి. ఫోన్ బ్యాటరీ నాలుగు వోల్టులకి కాస్త తక్కువ, డెక్‌ది 7.7 వోల్టులు. లెక్కేస్తే ఫోన్‌లో సుమారు 19 వాట్ అవర్లు, డెక్‌లో 40. రెండింతలు. పైపు లావు ఒకటే అయినా మోటారు బలాన్ని బట్టి చెరువులో పడే నీళ్లు మారతాయని చెప్పండి, మీవారికి అరనిమిషంలో అర్థమవుతుంది. దీంతో అబ్బాయి గెలిచాడనీ కాదు. పెద్ద గేము ఆడితే ఆ మెషీన్ ఇరవై వాట్ల దాకా లాగుతుంది, రెండు గంటల్లో ఖాళీ. తయారుచేసిన వాల్వ్ కంపెనీ కొత్తప్పుడే రెండు నుంచి ఎనిమిది గంటలని చెప్పింది. ఇది మూడేళ్లు నలిగిన బ్యాటరీ.

ఇక ర్యామ్. మీరు చీరల మనిషి కాబట్టి ఇలా చెప్తాను. స్టోరేజ్ మీ బీరువా. ర్యామ్ మీరు కస్టమర్ ముందు పరిచే చాప. చాప పెద్దదైతే ఎక్కువ చీరలు ఒకేసారి పరచొచ్చు. కానీ ఎంత చాప కావాలన్నది మీరు అమ్మే పద్ధతిని బట్టి ఉంటుంది. ఫోన్ ఒక చీర చూపించి, మడిచి పక్కన పెట్టి, ఇంకోటి తీస్తుంది. అందుకే 6 జీబీ, 8 జీబీతో బండి నడిచిపోతుంది. డెక్‌లో నడిచేవి పెద్ద కంప్యూటర్ గేములు. వాటికి సరుకంతా ఒకేసారి పరవాలి. పైగా ఆ 16 జీబీలోనే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ కూడా తన వాటా తీసుకుంటుంది. కాబట్టి ఫోన్ 8, డెక్ 16 అని పక్కపక్కన రాస్తే రెండింతలు గొప్పదన్నట్టు కనిపిస్తుంది గానీ అలాంటిదేం లేదు, వాటి పనులు వేరు.

ఇంకో మాట, ఫోన్ కొనేటప్పుడు మీకు పనికొస్తుంది. "8 ప్లస్ 8, మొత్తం 16 జీబీ" అని డబ్బా మీద రాసి అమ్ముతారు. ఆ రెండో ఎనిమిది బీరువాలో ఒక అర ఖాళీ చేసి చాప అని పేరు పెట్టడమే. బీరువా అరలో చీర పరిచి చూపిస్తే ఎంత చిరాకో, అదీ అంత నిదానం. నేనూ ఒకసారి ఆ అంకె చూసి మోసపోయి కొన్నవాణ్నే, ఏ కంపెనీ అన్నది ఇప్పుడు అనవసరం.

అంకె చిన్నదైతే వస్తువు తక్కువదని కూడా అనుకోనక్కర్లేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో ఉన్నది 4 జీబీ ర్యామే. మీ అబ్బాయి కాగితంలో పెడితే అట్టడుగున ఉంటుంది. అది పదిహేను కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అంతకుముందు 1989లో గేమ్ బాయ్ అని వచ్చింది. రంగుల్లేని మసక తెర, నాలుగు పెన్సిల్ సెల్లులు. మరుసటి ఏడే ఇంకో కంపెనీ గేమ్ గేర్ అని రంగుల తెరతో దించింది. హార్డ్‌వేర్‌లో దానిదే పైచేయి, కానీ ఆరు సెల్లులు వేస్తే నాలుగైదు గంటల్లో తాగేసేది. గేమ్ బాయ్‌కి మంచి ఆటలున్నాయి, సెల్లులు చాలాసేపు వచ్చేవి. దాని తర్వాత వచ్చిన కలర్ మోడల్‌తో కలిపితే పదకొండు కోట్ల పైన పోయింది. గేమ్ గేర్ దాంట్లో పదో వంతు కూడా పోలేదు. ఇది మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది, అడిగి చూడండి. ఇంట్లో వాళ్లు వీటి గురించి ఒక్క ప్రశ్న అడిగినా పిల్లలు మెత్తబడతారు.

ఆ కాగితంలో లేని గడి ఒకటుంది, వేడి. మామూలు ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు, ట్యాబ్‌లోనూ ఉండదు. డెక్‌లో ఉంది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు లేని చెరువులో రొయ్య పిల్ల ఒత్తుగా వేస్తే ఏమవుతుందో మీవారికి చెప్పనక్కర్లేదు. మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత గాలి చాలదు. ఫోన్ చిప్ కూడా అంతే, మొదటి పది నిమిషాలు డబ్బా మీద రాసిన వేగంతో పరిగెత్తుతుంది, వేడెక్కాక తనను తాను తగ్గించుకుంటుంది. మన మే నెల ఎండల్లో ఇంకా తొందరగా. డెక్‌లో చిప్ పదిహేను వాట్ల దగ్గర గంటల తరబడి నిలబడగలిగేది ఫ్యాన్ ఉండబట్టే. దానికి చెల్లించే మూల్యం బరువు. అది దాదాపు 670 గ్రాములు, మూడు ఫోన్ల బరువు. జేబులో పట్టదు.

ఇప్పటిదాకా చెప్పింది హార్డ్‌వేర్. మీ ఇంట్లో అసలు తేడా వచ్చింది సాఫ్ట్‌వేర్‌లో.

పాటూరులో మగ్గం పైన జకార్డ్ పెట్టె, దానికి వేలాడే చిల్లుల అట్టలు మీరు చూస్తూనే ఉంటారు. 1804లో ఫ్రాన్స్‌లో జకార్డ్ అనే ఆయన చేసిన ఏర్పాటు అది. మగ్గం అదే, నేసే మనిషీ అదే, అట్టలు మారిస్తే అంచు మీద హంస పోయి మామిడిపిందె వస్తుంది. మగ్గం హార్డ్‌వేర్, అట్టలు సాఫ్ట్‌వేర్. పోలిక కోసం చెప్పడం లేదు, కంప్యూటర్లకు మొదట్లో చిల్లుల అట్టలతోనే పని చెప్పేవాళ్లు, ఆ ఆలోచన మగ్గం నుంచి వచ్చిందే. మరి ఒక పెట్టె కొక్కేల లెక్కకి కొట్టిన అట్టలు వేరే లెక్క ఉన్న పెట్టెకి ఎక్కవు కదా. ఫోన్లూ ట్యాబులూ ఆర్మ్ అనే రకం చిప్‌తో నడుస్తాయి. డెక్‌లో ఉన్నది ల్యాప్‌టాపుల్లో ఉండే ఎక్స్86 రకం. అందుకే ఫోన్ గేము నేరుగా డెక్‌లోకి ఎక్కదు, కంప్యూటర్ గేము ఫోన్‌లోకి ఎక్కదు. అబ్బాయి స్నేహితులంతా ఫోన్లలో బీజీఎంఐ ఆడుతున్నారని మీరు రాశారు. ఆ ఆట కోసమే అయితే డెక్ కొనడం దండగ. డెక్‌ని నడిపేది విండోస్ కాదు, లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ మీద కట్టిన స్టీమ్ ఓఎస్. విండోస్ కోసం రాసిన గేముల్ని ప్రోటాన్ అనే దుబాసీ దానికి అప్పటికప్పుడు అర్థమయ్యేలా చెప్తుంది. చాలా గేములు ఆ దుబాసీతో చక్కగా నడుస్తాయి. వాలరెంట్ లాంటివి కొన్ని, దొంగాట పట్టే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోక, అసలు తెరుచుకోవు. అబ్బాయికి ఏ గేములు కావాలో పేర్లు రాయించండి, ఆ పేర్లు ఒక్కొక్కటీ నడుస్తాయో లేదో వాణ్నే చూసి చెప్పమనండి. గేములు విడిగా కొనాలన్నది కూడా గుర్తుంచుకోండి. ఆ అన్న కొన్న గేములు ఆయన అకౌంట్‌లో ఉంటాయి, మెషీన్‌తో పాటు రావు.

ఇక్కడ మీకు నచ్చినా నచ్చకపోయినా ఒక మాట చెప్పాలి. "ఇది బొమ్మ కాదు, కంప్యూటర్" అని మీ అబ్బాయి అన్నది నిజం. డెక్‌లో డెస్క్‌టాప్ మోడ్ అని ఒకటి ఉంది. కీబోర్డు, మౌస్, మానిటర్ తగిలిస్తే మామూలు లైనక్స్ కంప్యూటర్. వాడు కోడ్ రాసుకోవచ్చు, గేములు తయారుచేసే గోడో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, పాడుచేసుకుని మళ్లీ బాగుచేసుకోవచ్చు. అదే మీరు చదువు వస్తువు అని గౌరవంగా చూస్తున్న ట్యాబ్ ఉంది చూశారూ, అది మూసిపెట్టిన పెట్టె. ఐప్యాడ్ అయితే మన దగ్గర కంపెనీ కొట్టులో దొరికే యాప్‌లే వేసుకోవాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కొంత వెసులుబాటు ఉంది గానీ అక్కడా కూర్చుని ప్రోగ్రాములు రాయడం సుఖం కాదు. ఒకరు కొట్టిన అట్టలతో నేసుకోడానికి ట్యాబ్ బాగుంటుంది. సొంతంగా అట్టలు కొట్టుకోవాలంటే డెక్కో ల్యాప్‌టాపో కావాలి.

నిజం అన్నాను గానీ, పూర్తి నిజం అనలేదు. వాడు తయారుచేస్తానంటున్నాడు సరే, ఇప్పటిదాకా ఏమన్నా చేశాడా? మీ ఉత్తరం మూడో పేజీలో పెదనాన్న కొడుకు ఇచ్చిన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉందనీ, ఆన్ అవడానికి పది నిమిషాలు పడుతుందనీ రాశారు. పది నిమిషాలంటే దాంట్లో తిరిగే హార్డ్ డిస్క్ ఉన్నట్టే. దాన్ని తీసేసి, తిరిగే భాగాల్లేని వేగమైన స్టోరేజ్, అంటే ఎస్‌ఎస్‌డీ వేయించి, సందు ఉంటే ర్యామ్ ఇంకో ముక్క పెట్టిస్తే కొన్ని వేలల్లో దాని నడకే మారిపోతుంది. ఫోన్లకీ ట్యాబులకీ ఈ భాగ్యం లేదు, వాటి ర్యామ్, స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటాయి, కొన్న రోజు ఎంతుందో పోయే రోజూ అంతే. గోడో చిన్న మెషీన్లో కూడా నడుస్తుంది. పెద్ద గేములు ఆడడానికి ఆ ల్యాప్‌టాప్ పనికిరాదు, తయారుచేయడం మొదలుపెట్టడానికి పనికొస్తుంది. "సరేలే, ఎస్‌ఎస్‌డీ వేయిస్తా, చిన్న గేము ఒకటి చేసి చెల్లికి చూపించు" అని చూడండి. వాడి మొహం వెలిగితే ఒక సంగతి తెలుస్తుంది, మాడితే ఇంకో సంగతి తెలుస్తుంది. మాడినా తప్పేం లేదండి. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఆడుకోవాలని ఉండడం నేరం కాదు. కాకపోతే ఆ మాట ఇంట్లో చెప్పే వీల్లేక 16 జీబీ అని చెప్తున్నాడేమో.

ఇప్పుడు మీ ఉత్తరం గురించే ఒక సంగతి. ఏడు పేజీల్లో అబ్బాయి గురించి నాలుగు పేజీలుంది. అమ్మాయి గురించి ఒకటిన్నర వాక్యం. "పాప ట్యాబ్ అడిగింది, తనకి చదువు రొట్టె కూడా పట్టాను" అని. నెల్లూరు రొట్టెల పండుగలో బారాషహీద్ దర్గా దగ్గర చెరువులో నిలబడి, పిల్లకి చదువు రావాలని కోరుకుని రొట్టె పట్టిన చేయి, ఫ్రిజ్ మీద కాగితంలో ఆ పిల్లకి కావాల్సిన ట్యాబ్ గడి ఎవరు నింపారో చూడలేదు. అదీ అబ్బాయే నింపాడు. ఆ పిల్ల కాగితం అంటించలేదు, అలగలేదు. అందుకే ఎవరికీ వినపడలేదు.

ఆమె అవసరం తేలికైనదే.  కావాల్సింది వీడియో పాఠాలు, పీడీఎఫ్‌లు. ఫోన్‌లో పీడీఎఫ్ చదవాలంటే పేజీని అటూ ఇటూ జరుపుతూ కళ్లు లాగుతాయి. పది, పదకొండు అంగుళాల తెర మీద పేజీ పుస్తకంలా కనిపిస్తుంది. ప్రాసెసర్ ఘనమైనది అక్కర్లేదు. స్టోరేజ్ 128 జీబీకి తగ్గొద్దు, ఎందుకంటే కోచింగ్ యాప్‌ల వీడియోలు డౌన్‌లోడ్ చేస్తే ఆ యాప్‌లోనే కూర్చుని చోటు తినేస్తాయి. కొనేముందు రెండు సంగతులు కొట్టులోనే తేల్చుకోండి. ఆమె వాడే యాప్ ట్యాబ్‌లో తెరుచుకుంటుందా, ఫోన్‌లో ఉన్న లాగిన్ ట్యాబ్‌కి మారుతుందా. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తామని కంపెనీ రాసిచ్చింది. ఆ రెండోది ఎవరూ అడగరు. అప్‌డేట్లు ఆగిపోతే హార్డ్‌వేర్ రాయిలా ఉన్నా బ్యాంకు యాప్‌లు ఒక్కొక్కటీ మొరాయిస్తాయి. శామ్‌సంగ్ 2024లో తన ఖరీదైన ఎస్24 ఫోన్లకి ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించింది. చవక ట్యాబులకి అంత ఉండదు, కానీ రెండేళ్లకీ నాలుగేళ్లకీ తేడా మీ జేబుకి చాలా పెద్దది.

మీ ఫోన్ సంగతి. అది చచ్చిపోలేదు, ఊపిరాడడం లేదంతే. స్టోరేజ్ 98 శాతం నిండిందని మీరే రాశారు. ఫోన్‌లో ఉండే మెమరీ చిప్ పాతది చెరిపితేగానీ కొత్తది రాయలేదు, అదీ ముక్కలు ముక్కలుగా. ఖాళీ లేకపోతే ఒక ఫొటో పెట్టడానికి పది సరుకులు సర్దుకోవాలి. నిండు బీరువాలోంచి అడుగున ఉన్న చీర లాగడం మీకు తెలిసిందే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అని ఉంటుంది, అక్కడ ఏ గ్రూపు ఎంత తింటోందో వరసగా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ చెరిపేయండి, చీరల ఫొటోలు ఆ పాత ల్యాప్‌టాప్‌లోకి ఎత్తించండి, కనీసం అయిదో వంతు ఖాళీ ఉంచండి. అప్పుడు వారం రోజులు వాడి చూసి, ఫోన్ మార్చాలో వద్దో అనుకోండి. చార్జింగ్ నిలవకపోతే బ్యాటరీ మార్పిస్తే చాలు. దాని సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కూడా సెట్టింగ్స్‌లో చూడండి. రెండేళ్ల కిందటిదైతే మాత్రం, యూపీఐతో వేలు తిప్పే మనిషి కాబట్టి, మార్చడమే మేలు. అది ఇంట్లో సంపాదించే వస్తువు, దాని మాట ముందు వినాలి.

ముగ్గురికీ పనికొచ్చే వస్తువు ఒకటుందా అన్నారు. లేదండి. నోకియా 2003లో ఎన్‌గేజ్ అని ఫోనూ గేమింగ్ మెషీనూ కలిపి ఒకటి చేసింది. గేము మార్చాలంటే బ్యాటరీ ఊడదీయాలి, మాట్లాడాలంటే ఫోన్‌ని చెవి దగ్గర నిలువుగా అంచు మీద పెట్టుకోవాలి. రెండు పనులూ సరిగ్గా కుదరక పోయింది. తర్వాత ఫోన్లు చాలా ముందుకెళ్లాయి, నిజమే. కానీ మీ ఇంట్లో ముగ్గురికి మూడు వేర్వేరు వేళల్లో కాదు, ఒకే వేళలో కావాలి. రాత్రి తొమ్మిదింటికి పాప పాఠం వింటుంది, అప్పుడే మీకు చీరల ఆర్డర్లు వస్తాయి, అప్పుడే వాడు ఆడతాడు.

అరవై వేలతో ఏం చేయొచ్చో చెప్తాను, తీర్పు మీదే.

డెక్ కొనేస్తే మిగిలేది 22 వేలు. అందులో పాపకి ఒక మాదిరి ట్యాబ్ వస్తుంది, మీ ఫోన్ శుభ్రం చేసుకుని నెట్టుకురావాలి. ఇల్లు కొంతకాలం ప్రశాంతం, ఫోన్ మధ్యలో ఆగిపోతే మళ్లీ చేబదులు. ఈ దారిలో వెళ్లాలనుకుంటే ధర దగ్గర ఆగండి. ఈ మెషీన్‌ని కంపెనీ మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు, రిపేరు వస్తే పంపడానికి చోటు లేదు. 2022లో వచ్చినప్పుడు 64 జీబీ మోడల్ అమెరికాలో కొత్తది 399 డాలర్లు, అప్పటి లెక్కన ముప్పై వేల పైచిలుకు. 512 జీబీది 649 డాలర్లు. అబ్బాయి కాగితంలో 512 అని ఉందన్నారు. అది లోపల ఉన్నదా, 64 మోడల్‌కి మెమరీ కార్డు గుచ్చి చెప్తున్నారా? ఆ 64 మోడల్‌లో ఉండే ఈఎంఎంసీ రకం స్టోరేజ్ మిగతా మోడళ్ల కంటే నిదానం కూడా. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిస్తే రెండూ విడివిడిగా కనిపిస్తాయి. డెస్క్‌టాప్ మోడ్‌లో బ్యాటరీకి కొత్తప్పటి సత్తాలో ఎంత శాతం మిగిలిందో చూడొచ్చు. బొటనవేలితో తిప్పే పుల్లలు వదిలేసినప్పుడు నడిమధ్యకి వస్తున్నాయా, ఫ్యాన్ మోత పెడుతుందా, ఆయన అకౌంట్ తీసేసి ఇస్తాడా చూడాలి. పాత ఫోన్ కొంటే KYM అని రాసి, పక్కన ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు రాసి 14422కి మెసేజ్ పెట్టి దొంగదా కాదా తెలుసుకోవచ్చు. దీనికి సిమ్మూ లేదు, ఐఎంఈఐ లేదు. బిల్లు లేదన్నమాటకి బరువు అక్కడ ఉంది. ఇన్నీ సరిపోయినా 64 మోడల్‌కి 38 వేలు నేనైతే ఇవ్వను.

రెండో దారి, ట్యాబ్ ఇప్పుడు కొని, ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ వేయించి, మీ ఫోన్ సంగతి వారం చూసి తేల్చి, డెక్‌ని వాడి సొంత సంపాదనకో, మీరూ వాడూ చెరి సగానికో వాయిదా వేయడం. వాడు అలుగుతాడు. కొన్నాళ్లు అన్నం దగ్గర ఇంకా మౌనం. కానీ ఆరు నెలల్లో ఆ ల్యాప్‌టాప్‌లో వాడేం చేశాడో చూసి మీరు మాట్లాడొచ్చు. నా మొగ్గు ఇటు.

మూడోది, ఆట కోసమే అయితే వాడి ఫోన్‌కే రెండు పక్కలా తగిలించే కంట్రోలర్ ఒకటి కొనివ్వడం. చవక. అయితే ఆట, వాట్సాప్, రీల్సు అన్నీ ఒకే తెర మీద కలిసి ఉంటాయి, ఏది ఎప్పుడు ఆపాలో తెలీదు. విడి మెషీన్‌కి ఉన్న ఒక మంచిగుణం, చార్జింగ్ అయిపోతే ఆట అయిపోయినట్టే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల భయం మీకుంటే, వాటిని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. డెక్ వాటి కోసం చేసిన వస్తువు కూడా కాదు. ఆ కారణంతో దాన్ని కాదనకండి.

నాలుగో దారి మీరు రాయలేదు గానీ ఉత్తరంలోనే ఉంది. నాలుగో పేజీలో, రొయ్యల మేత కొట్టు నుంచి ఫోన్ వస్తే మీవారు వరండాలోకి వెళ్లి మాట్లాడతారనీ, వచ్చాక ఏమీ చెప్పరనీ రాశారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు పడ్డ తిప్పలు మీ జిల్లాలో ఎవరికీ కొత్త కాదు. ఆయన 60 హెర్ట్జ్ గురించి అంత కోపంగా మాట్లాడింది హెర్ట్జ్ మీద కోపంతోనేనా? చీటీ మీ పేరు మీద ఉంది, మీ కష్టం. మేత బాకీ కోసం అందులోంచి అడగడానికి ఆయనకి నోరు రాక, ఆటబొమ్మ అని ఒక్క మాట దొరికితే దాన్నే పట్టుకున్నారని నాకనిపిస్తోంది. నా ఊహ తప్పు కావచ్చు. మేత బాకీ ఎంతో తెలిస్తే అరవై వేలు పంచే లెక్కే మారిపోవచ్చు, మారకపోవచ్చు కూడా. అడగకుండా పంచితే మాత్రం ఏది కొన్నా ఆయన కళ్లకి అది మేత బాకీలాగే కనిపిస్తుంది.

అందుకని ఐదు వేల సంగతి మీరే ముందు చెప్పండి, ఆయనకి ఇంకొకరి ద్వారా తెలియకముందే. "వాడికి ఇచ్చాను, నీకు చెప్పకుండా ఇచ్చాను, ఇంకా కొనలేదు" అని మూడు ముక్కలు చాలు. కోప్పడతారు. ఆ కోపం చల్లారాక మేత కొట్టు సంగతి అడగండి, ఆ వరసలోనే. మీ తప్పు ముందు ఒప్పుకుంటే ఆయన బాకీ బయటపెట్టడం తేలికవుతుంది. చెప్పకుండా కొనేస్తే ఏమవుతుందో కూడా చూడండి. మెషీన్ ఇంట్లోకి వచ్చాక దాచలేరు, అప్పుడు ఆయన దృష్టిలో తల్లీ కొడుకులు ఒక పార్టీ, ఆయన ఒక్కడూ ఒక పార్టీ.

ఫ్రిజ్ మీద కాగితం చింపకండి. అబ్బాయి చేతే దాని పక్కన ఇంకో కాగితం అంటించమనండి, ఈసారి వస్తువుల పేర్లు పైన కాకుండా మనుషుల పేర్లు పైన రాసి. అమ్మ, నాన్న, చెల్లి, వాడు. కింద ఎవరికి ఏ పనికి, ఏ వేళలో, ఎన్నేళ్లు కావాలో. పాప గడి పాపనే నింపుకోనివ్వండి.

ఇక ఆ అడ్వాన్స్. వస్తువు చూసి నచ్చకపోతే ఐదు వేలు వెనక్కి ఇస్తానని ఆ స్నేహితుడి అన్న చేత ఈ రోజే ఒక మెసేజ్ పెట్టించుకోమని అబ్బాయికి చెప్పండి. ఆ మెసేజ్ తెప్పించే పూచీ వాడిది, మీరు ఫోన్ చేయొద్దు.